వెనక వరుస ఎందుకు వెనకబడుతోంది?

సంపాదకులకు,
కడపలో గోష్ఠిగానాలకు, అంటే అందరూ కలిసి పాడే కచేరీలకు, వందమందిని కూర్చోబెడుతున్నారు, చాలా సంతోషం. కానీ వెనక వరుసలు తాళం తప్పుతున్నాయి. అది గాయకుల తప్పు కాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. మృదంగానికి 34 మీటర్ల దూరాన ఉన్నవారికి దరువు సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. విన్నాక వాళ్లు పాడితే, ముందున్న శ్రోతకు ఆ గొంతు ఇంకో పదోవంతు ఆలస్యం. వేగంగా పాడే ద్రుతకాలంలో పల్లవి చెదరడానికి అది చాలు. అందుకే గాయకులను అర్ధచంద్రాకారంగా, మెట్ల మీద, దగ్గరగా కూర్చోబెట్టాలి. తాళం చెవితో కాదు, నడిపించేవారి చేతిని చూసి అందుకోవాలి.

శ్రుతి, అంటే పాటకు ఆధార స్వరం, ఇంకో చిక్కు; దాని ఎత్తును అంకెలతో చెబుతాం. మగవారికి ఒకటి, ఆడవారికి ఐదున్నర హాయి. మధ్యలో మూడు పెడితే ఇద్దరికీ ఇబ్బందే. 1824 మే 7న వియన్నాలో తొలిసారి వినిపించిన పాశ్చాత్య స్వరకర్త బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో (వాద్యబృందం కోసం రాసిన పెద్ద సంగీత రచన) గాయక బృందాన్ని నాలుగు గొంతులుగా విడదీశారు, ఎవరి స్థాయి వారిది. అందులో పైస్థాయిలో చాలాసేపు నిలిపే స్వరాలున్నాయి. అలాంటిచోట పక్కపక్కవారు ఒకేసారి ఊపిరి తీయకూడదు, వంతులవారీగా తీసుకోవాలి. మన చరణాల చివర సాగే స్వరాలకూ ఇదే పద్ధతి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం: సాయంత్రం వేదిక కట్టి ఆ రాత్రే పాడించకండి. చివరి రెండు రిహార్సల్స్ అదే వేదిక మీద, అవే మైకులతో జరగనివ్వండి.

– బృందగాన శిక్షకులు, కడప