ఊరికే చేస్తామన్నా ఎందుకు రాలేదంటే

ఒరే మామా,

నీ ఉత్తరం అందింది. "జీతం టైముకిస్తున్నా, పండక్కి చీరలు పెట్టా, అయినా మిషన్ల మీద ఆడవాళ్లు నిలవడం లేదు" అని రాశావే, ఆ మాట రెండ్రోజులుగా నా తలలో తిరుగుతూనే ఉంది.

పోయిన నెల అమ్మను శుక్లాల ఆపరేషన్‌కని తిరుపతి అరవింద్ కంటి ఆసుపత్రికి తీసుకుపోయా. చుక్కల మందు వేసే అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. అమ్మ చెయ్యి వణకడం చూసి, పట్టుకుని "భయం లేదవ్వా, నేనిక్కడే ఉంటా" అంది. వణుకు తగ్గిపోయింది మామా! పొద్దుణ్ణుంచీ ఇలాంటి అవ్వలు ఎంతమందిని చూసుంటుందో ఆ పిల్ల. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆ ఆసుపత్రి కథంతా చదివా.

అరవింద్ ఆసుపత్రులకు ఆద్యులు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు. సర్కారు కొలువు నుంచి 58 ఏళ్లకు రిటైరై, 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర పోయినా, ఆ చేతులతోనే కత్తి పట్టడం నేర్చుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. కంటిలో పెట్టే లెన్సు విదేశాల నుంచి తెప్పిస్తే పేదలకు అందదని, 1992లో వాళ్లే సొంతంగా తయారీ మొదలుపెట్టారు. ఉన్నవాళ్లు కట్టే ఫీజుతోనే లేనివాళ్లకూ వైద్యం నడుస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. పల్లెల్లో క్యాంపులు పెట్టి ఊరికే ఆపరేషన్ చేస్తామన్నా, చూపు లేని వాళ్లలో చాలామంది రాలేదట. ఎందుకు రాలేదని కనుక్కుంటే, బస్సుకు డబ్బుల్లేవు, అక్కడ తిండి ఎట్లా, తోడొచ్చే కొడుక్కి కూలి పోతుంది, ఉన్న చూపూ పోతుందేమోనని భయం. అప్పుడు బస్సూ భోజనమూ వాళ్లే పెట్టి, ఒక ఊరి వాళ్లను ఒక జట్టుగా తీసుకుపోయి తీసుకొచ్చారు. జనం రావడం మొదలైంది.

అది చదువుతుంటే మా షెడ్డులో పనిచేసిన ఒకామె గుర్తొచ్చింది. పోయినేడు రోజూ పావుగంట ఆలస్యంగా వచ్చేది. మూడుసార్లు అర పూట జీతం కోశా. మానేసింది. వాళ్ల ఊరి బస్సు వేళ మారిందని తర్వాత తెలిసింది. ఇంటికి పోయి అడిగేసరికి వేరేచోట చేరిపోయింది. చాలా బాధేసింది రా. ఒక్కరోజు "ఏమైందమ్మా" అని అడిగుంటే సరిపోయేది. ఆ బస్సులోనే ఇంకో నలుగురు వస్తారు, ఇప్పుడు మాకు పని తొమ్మిదిన్నరకు మొదలు.

నీ దగ్గరికి ఉగాదికి వచ్చినప్పుడు ఒకటి చూశా, అప్పుడే చెప్పాల్సింది. బాత్రూముకు తాళం, తాళంచెవి నీ టేబుల్ మీద. పన్నెండు మంది ఆడవాళ్లు, పోవాల్సిన ప్రతిసారీ నీ ముందుకొచ్చి నిలబడాలి. ఒకామె టేబుల్ దాకా వచ్చి, నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావని వెనక్కి తిరిగి పోయింది. పొద్దుణ్ణుంచీ మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చునేవాళ్లు ఉంటారు మామా. నీ మనసు మంచిదని నాకు తెలుసు, నువ్వు గమనించలేదంతే. రేపు పొద్దున్నే ఆ తలుపు పక్కన మేకు కొట్టి తాళంచెవి అక్కడే తగిలించు. తర్వాత వాళ్లతో కూర్చుని ఒక పూట అన్నం తిను. ఏం చెప్పారో నాకు రాయి.

అమ్మకు చుక్కలు వెయ్యాల్సిన వేళయింది, ఉంటా.

నీ
మామ