గుంటల దగ్గర ఉన్న అబ్బయ్యకి

అబ్బయ్యా,

అక్క కాన్పు అయ్యి ఇంటికి తీసుకొచ్చేదాకా నేనూ నాయనా ఒంగోలులోనే ఉంటాం. అన్నాళ్ళూ అల్లూరు రొయ్యల గుంటలు నీ చేతిలోనే. రాత్రిపూట ఏమన్నా అయితే ఏం చెయ్యాలో తోచదేమోనని ఫోన్లో భయపడ్డావు. అప్పటినుంచి నా మనసంతా నీ మీదే ఉంది.

ఆ టైమ్‌కి తేల్చుకోవాల్సింది తక్కువ ఉండేలా చూసుకో నాయనా. పగలు నిమ్మళంగా ఉన్నప్పుడే పుస్తకంలో రాసిపెట్టుకో: డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, నాలుగుకి దిగితే నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ వెయ్యాలి, మూడుకొస్తే మేత పూర్తిగా ఆపాలి. రాత్రి పదింటికి రీడింగ్ బాగుందని పడుకోవద్దు. చీకటి పడ్డాక నీళ్ళలో పాచి కూడా ఆక్సిజన్‌ని వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి ఇంకా జాగ్రత్త. కరెంటు పోతే ముందు జనరేటర్ వెయ్యి, లైన్‌మన్‌కి ఫోన్ తర్వాత. చాలామంది ఎప్పుడొస్తుందని అడుగుతూ గట్టు మీదే నిలబడిపోతారు, ఈలోపు రొయ్య నీటి పైకి తేలుతుంది.

వానొస్తే గుంటలో పైన నిలిచిన వాననీళ్ళు బయటికి వదిలి ఏరేటర్లు తిప్పు. తుఫాను ఇంకెక్కడో తీరం దాటుతుందని ధీమాగా ఉండొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ దాటింది బాపట్ల దగ్గర, వాన మాత్రం మన నెల్లూరుని ముంచింది.

మేత ఒక పూట ఆపితే రేపు వేసుకోవచ్చు. డీజిల్ వృథా అయినా పోయేది కొంత డబ్బే. ఇలాంటివాటికి తటపటాయించకు. పట్టుబడి, అంటే గుంటలో రొయ్యంతా పట్టించెయ్యడం, అట్లా కాదు, పట్టేశాక వెనక్కి వెయ్యలేం. అందుకే రొయ్య గట్టు వారకి వస్తోందా, మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతోందా, తల చిప్ప మీద తెల్లమచ్చ ఉందా చూడు. ఒక్క అనుమానమే అయితే ల్యాబ్‌కి పంపించు. మచ్చా ఉండి చావులూ మొదలైతే రిపోర్ట్ కోసం ఆగకు, ఆ తెల్లమచ్చ రోగం మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం తినేస్తుంది. రొయ్య చిన్నదైనా సరే పట్టించెయ్. బ్లీచింగ్ కొట్టకుండా ఆ నీళ్ళు కాలవలోకి మాత్రం వదలొద్దు, కింద పక్కవాళ్ళ గుంటలున్నాయి.

నేను ఆసుపత్రిలో ఫోన్ ఎత్తకపోవచ్చు. అడగడం కోసం ఆగొద్దు, చేసేశాక చెప్పు. రేటు ఎంతొచ్చినా నాయనా నేనూ నిన్ను ఒక్క మాట అనం. ఈరోజే జనరేటర్ బ్యాటరీ, డీజిల్ క్యాన్లు చూసి నాకు మెసేజ్ పెట్టు.

ప్రేమతో,
అమ్మ