జంతువు ఒక్కటీ చాలదు, దాని నేల కూడా పుస్తకంలో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వన్యమృగాల గురించి పిల్లల కోసం, సాధారణ పాఠకుల కోసం వస్తున్న పుస్తకాల మీద ఈ లేఖ. పుస్తకాలకు కొరత లేదు. బొమ్మలు బాగుంటున్నాయి, అచ్చు బాగుంటోంది. కానీ వాటిలో చాలా పుస్తకాలు తెల్లటి పుట మధ్యలో జంతువును ఒంటరిగా నిలబెట్టి, దాని బరువెంత, పొడవెంత, గంటకు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతుంది అని రాసి ఊరుకుంటున్నాయి. ఎక్కడ ఉంటుంది అన్నదానికి ‘అడవుల్లో’ అని ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. ఆ నేల ఎలాంటిది, అక్కడ ఏ గడ్డి మొలుస్తుంది, ఎండాకాలంలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఆ జంతువు లేకపోతే ఆ చోటు ఏమవుతుంది అనే సంగతులు కనిపించవు. ఇది చిన్న లోపమని సరిపెట్టుకోవడానికి లేదు. ఈ పుస్తకాలు చదివి పెరిగినవాళ్లే రేపు ఏ నేలను ఉంచాలో, ఏ నేలను తవ్వాలో నిర్ణయిస్తారు.

పైకి కనిపించే తప్పుల సంగతి ముందు చెబుతాను. ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకే మంచుగడ్డ మీద నిలబెట్టే బొమ్మలు ఇంకా వస్తున్నాయి. ఆ ఎలుగు ఉండేది ఉత్తర ధ్రువ ప్రాంతంలో, పెంగ్విన్లు ఉండేది భూమికి దక్షిణ భాగంలో. జిరాఫీ పక్కన పులిని గీస్తారు. సహజంగా పులులు ఉన్నది ఆసియాలోనే. సింహాన్ని దట్టమైన అడవికి రాజును చేస్తారు. సింహాల్లో ఎక్కువ భాగం బతికేది ఆఫ్రికాలోని గడ్డి మైదానాల్లో, పలుచగా చెట్లున్న నేలల్లో. అచ్చుకు ముందు తెలిసినవాళ్లు ఒకసారి చూస్తే ఇవన్నీ సరిదిద్దుకోవచ్చు.

అంతకంటే లోతైన తప్పు ఒకటుంది. తోడేలు కథ దానికి మంచి ఉదాహరణ. రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్లను గమనించి 1947లో తన పరిశీలనలు ప్రచురించాడు. ఇరుకైన ఆవరణలో పెట్టిన జంతువులు పెత్తనం కోసం కొట్లాడుకున్నాయి. గెలిచినది నాయకుడు, మిగతావి దానికి లోబడినవి అన్న చిత్రం అక్కడి నుంచి వచ్చింది. అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. తర్వాత కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో ఆయన తోడేళ్లను వాటి సొంత నేల మీద ఏళ్ల తరబడి చూశాడు. తల్లి, తండ్రి, వాటి పిల్లలు కలిస్తే తోడేళ్ల గుంపు అవుతుందనీ, అది సాధారణంగా ఒక కుటుంబమనీ 1999లో రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తను తానే కోరాడు. అయినా అది చాలా ఏళ్లు అచ్చవుతూనే వచ్చింది. ఈనాటికీ పిల్లల పుస్తకాల్లో కోరలు చూపించి పెత్తనం చేసే తోడేలే కనిపిస్తుంది. జంతువును దాని చోటు నుంచి విడదీసి చూస్తే దాని స్వభావమే తారుమారవుతుంది అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

దుమ్ములగొండి విషయంలోనూ ఇదే జరిగింది. తెల్లవారాక చూస్తే సింహాలు మాంసం తింటుంటాయి, చుట్టూ దుమ్ములగొండ్లు కాచుకుని ఉంటాయి. ఎంగిలి కోసం వచ్చాయని చూసినవాళ్లు అనుకున్నారు. 1960లలో హాన్స్ క్రూక్ అనే జీవశాస్త్రవేత్త టాంజానియాలోని సెరెంగెటీ మైదానాల్లో, న్గొరొంగొరో అనే పాత అగ్నిపర్వత బిలంలో రాత్రిళ్లు వాటిని వెంబడించి చూశాడు. చాలా సందర్భాల్లో వేటాడింది దుమ్ములగొండ్లు, దాన్ని లాక్కున్నవి సింహాలు. ఇది మచ్చల దుమ్ములగొండి సంగతి. చారల దుమ్ములగొండి వేరు, అది ఎక్కువగా చచ్చిన జంతువుల మీద ఆధారపడుతుంది. పుస్తకాలు ఈ రెండింటినీ కలిపేసి, పిరికిదొంగ అని ఒకే ముద్ర వేస్తాయి. ఒక జంతువును పిల్లలు అసహ్యించుకునేలా రాశాక, పెద్దయ్యాక దాన్ని కాపాడమంటే ఎవరు వింటారు?

పిల్లలకు జంతువులు కావాలి గాని నేలా నీరూ గురించి ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. బీవర్ అనే కొరికే జంతువు కొమ్మలు కొరికి, బురద మెత్తి వాగుకు అడ్డంగా కట్ట కడుతుంది. వెనక నీరు నిలిచి చెరువవుతుంది. ఆ చెరువులోకి కప్పలు వస్తాయి, చేపలు వస్తాయి, వాటి కోసం కొంగలు వస్తాయి. ఇది చెబితే ఏ పిల్లవాడు వినడు? ఉత్తర పసిఫిక్ తీరంలోని సముద్రపు నీటికుక్క కథ ఇంకా గొప్పది. బొచ్చు కోసం దాన్ని వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టారు. 1911లో నాలుగు దేశాల ఒప్పందంతో ఆ వేటకు అడ్డుకట్ట పడింది. జేమ్స్ ఎస్టిస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు 1970లలో అలాస్కా దగ్గరి అలూషియన్ దీవుల్లో పోల్చి చూశారు. నీటికుక్కలు ఉన్న దీవుల చుట్టూ కెల్ప్ అనే భారీ సముద్రపు నాచు అడవిలా పెరిగి ఉంది. అవి లేనిచోట అర్చిన్లు అనే ముళ్ల జీవులు విపరీతంగా పెరిగి ఆ నాచును మేసేశాయి. నీటికుక్క ఆ అర్చిన్లను తింటుంది. ఆ నాచు అడవి నీటికుక్కకు ఇల్లు, ఆ ఇంటికి కాపలాదారూ నీటికుక్కే. ఇలాంటి కథను వదిలేసి ‘బరువు 30 కిలోలు’ అని రాస్తే పుస్తకం ఎవరికి పనికొస్తుంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది గడ్డిభూముల విషయం. ప్రతి జంతువునూ చెట్ల మధ్యే చూపించే పుస్తకాలతో పెరిగినవాళ్లకు చెట్లు లేని నేల ఖాళీ స్థలంగానే కనిపిస్తుంది. దాన్ని దున్నవచ్చు, కట్టడాలు కట్టవచ్చు, ఏమీ కాకపోతే మొక్కలైనా నాటవచ్చు అనుకుంటారు. మంచి ఉద్దేశంతోనే నాటుతారు. కానీ కృష్ణజింకకు దూరం వరకు కనిపించే బయలు నేల కావాలి, తోడేలుకు కూడా అలాంటి నేలలు ముఖ్యం. ఆ నేలలను చెట్లతో నింపితే ఆ జంతువుల ఇల్లు పోయినట్టే. మంగోలియాలోని ప్రజెవాల్‌స్కీ గుర్రం 1960ల చివరికల్లా అడవి జంతువుగా కనుమరుగైంది. జూలలో మిగిలిన గుర్రాల సంతతిని పెంచి 1992 నుంచి తిరిగి అక్కడికి తీసుకెళ్లారు. జూలు ఆ జాతిని కాపాడిన మాట నిజం. అయితే తీసుకెళ్లి వదలడానికి స్టెప్పీ గడ్డినేల మిగిలి ఉండబట్టే ఆ పని సాధ్యమైంది. ఆ గుర్రం బొమ్మ వేసే పుస్తకం ఆ నేలకూ ఒక పుట ఇవ్వాలి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. క్షీరద జాతుల్లో సగానికి పైగా ఎలుకల వంటి కొరికే జంతువులు, గబ్బిలాలే. పుస్తకాల్లో వాటికి మూల కూడా దక్కదు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అనే చిన్న దీవి ఉంది. అక్కడ మాత్రమే బతికిన మెలోమిస్ అనే ఎలుక అంతరించిపోయిందని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో ప్రకటించింది. సముద్రపు నీరు పదేపదే ముంచెత్తి ఆ దీవి మీది మొక్కలు నాశనమయ్యాయి. మనుషుల వల్ల మారిన వాతావరణానికి బలైన మొదటి క్షీరదంగా దాన్ని చెబుతారు. ఇంత పెద్ద సంగతి ఎన్ని పిల్లల పుస్తకాల్లో ఉంది?

సమాచారం పాతబడటం మరో సమస్య. ఆఫ్రికా ఏనుగులు రెండు జాతులని, అడవి ఏనుగు వేరు, మైదానపు ఏనుగు వేరని 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం విడివిడిగా లెక్కలోకి తీసుకుంది. సుమత్రాలో తపానులి ఒరాంగుటాన్‌ను కొత్త జాతిగా 2017లో గుర్తించారు. జెయింట్ పాండా పరిస్థితి కొంత మెరుగైందని 2016లో ప్రకటించారు. పాత పుస్తకాన్నే అట్ట మార్చి మళ్లీ అమ్మితే ఇవేవీ పాఠకుడికి చేరవు. సమాచారం ఏ సంవత్సరం నాటిదో ప్రతి పుస్తకంలో స్పష్టంగా అచ్చు వేయాలి. జంతువు ఇప్పుడు ఎక్కడ ఉంది, ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉండేది అనే పటం ప్రతి జంతువుకూ ఉండాలి. కుంచించుకుపోయిన ఆ రంగు మచ్చను చూస్తే పది వాక్యాలు చెప్పలేనిది అర్థమవుతుంది. గ్రంథాలయాలు కూడా కొనేముందు ఈ రెండింటి కోసం చూడాలి. పాతవాటిని పారేయమని నేను అనను. ఒకప్పటి మనుషులు జంతువులను ఎలా చూశారో తెలియడానికి అవి కావాలి. కాకపోతే వాటి స్థానం చరిత్ర అరలో, పిల్లల విజ్ఞాన అరలో కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. పిల్లల పుస్తకాలను సమీక్షించేటప్పుడు బొమ్మలు, భాష చూసి మెచ్చుకుని వదిలేయకండి. వన్యప్రాణులతో పనిచేసే జీవశాస్త్రవేత్తల చేత కూడా చదివించి, తప్పులుంటే పుట సంఖ్యతో సహా ప్రచురించండి. మీ పిల్లల పేజీలో జంతువు బొమ్మ వేసే ప్రతిసారీ దాని వెనక తెల్లని కాగితానికి బదులు అది నిజంగా తిరిగే నేలను గీయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు