గొట్టం పగిలింది బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఎన్ని తిట్టుకుని ఉంటావో తెలుసు, తప్పు నాదే. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది, చెల్లి సంబంధం ఇంకా ఊగుతోంది, నా స్టైపెండ్ సంగతి అడక్కు. మొన్న రాత్రిది చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

నా పనేంటని అడిగినప్పుడల్లా "సారాతో గ్యాస్ తీస్తా" అనేవాణ్ణి కదా. అది అబద్ధమేం కాదు. ఇథనాల్‌నీ నీళ్లనీ ఆవిరి చేసి, కాలుతున్న గొట్టంలో లోహపు పొడి మీదుగా పంపాలి. లెక్క ప్రకారం ఒక ఇథనాల్ అణువూ మూడు నీటి అణువులూ కలిస్తే ఆరు హైడ్రోజన్లు, రెండు కార్బన్ డయాక్సైడ్లు. మన గంట మాస్టారి లెక్కలు గుర్తున్నాయిగా, అలాగన్నమాట! మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, ఎసిటాల్డిహైడ్ పిలవకపోయినా పేరంటానికి వచ్చేస్తాయి. ఇందులో నాకు నచ్చేదొకటుంది. ఎలాగూ నీళ్లు కావాలి కాబట్టి, పెట్రోల్లో కలిపేదానిలాగా చివరి చుక్క నీరు కూడా తీసేసిన ఇథనాల్ అక్కర్లేదు.

లోహాల్లో రోడియందే పెత్తనం. రెండు కార్బన్ల మధ్య బంధాన్ని ఇట్టే తెంచుతుంది. 2004లో మిన్నెసోటాలో లానీ ష్మిట్ బృందం రోడియం-సీరియా (సీరియం ఆక్సైడ్) మీదికి కొంచెం గాలి కూడా కలిపి పంపి, 10 మిల్లీసెకన్లలోపే పని ముగించింది. లోపల పుట్టే వేడే సరిపోయింది, వేరే పొయ్యి లేదు. కానీ రోడియం పేరెత్తితే మా పీహెచ్‌డీ గైడు జేబు తడుముకుంటారు. అందుకని నాకు నికెల్. నికెల్ నైట్రేట్ నీళ్లలో కలిపితే ఆకుపచ్చగా, నవ్వకు, అచ్చం నీ పెళ్లిచూపుల చొక్కా రంగే.

దాన్ని అల్యూమినాకి (అల్యూమినియం ఆక్సైడ్ పొడికి) పట్టించి, కాల్చి, ఆక్సిజన్ లాగేసి లోహంగా మార్చి, క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి 500 డిగ్రీల దగ్గర మొదలెట్టాను. నాలుగు గంటలు గ్రాఫులో హైడ్రోజన్ గీత కొబ్బరిచెట్టంత! పదకొండింటికి ప్రెజర్ గేజీ ముల్లు కదిలింది. గేజీయే పాడైందనుకుని, మీ నాన్నగారు రేడియోని కొట్టినట్టు రెండు తట్టాను. ముల్లు ఇంకా పైకెళ్లింది. రెండింటికి టప్పుమంది.

పంపు ఆపి, ఫర్నేస్ ఆపి, నైట్రోజన్ తిప్పి బయటికి ఉరికాను. కాళ్లు వణికాయిరా. వరండాలో కూర్చుని, నాలుగో ఏడు కూడా... సరేలే, అది వద్దు.

పొద్దున చూస్తే చిటికెడు పొడి కాస్తా గొట్టం నిండా ఉబ్బి నల్లదూదిలా ఉంది! అల్యూమినాకి ఆమ్లగుణం. ఇథనాల్ నుంచి నీటిని ఊడగొట్టి ఇథిలీన్ చేసింది, ఆ ఇథిలీనే మసిగా పేరుకుంది. మైక్రోస్కోపులో చూశాక నోరు తెరిచాను. కార్బన్ నికెల్లో కరిగి అవతలి వైపు దారంలా పెరిగింది, ప్రతి దారం నెత్తినా ఓ నికెల్ చుక్క. తిరనాళ్లలో నువ్వు నన్ను భుజాలెక్కించుకున్నట్టే. లోహం చావలేదు బావా, దాన్ని మసి మోస్తోంది అంతే! పోయిందని నేనేడ్చినదంతా దండగ. గొట్టం మాత్రం నిజంగానే పోయింది, దాని డబ్బులు... మళ్లీ మొదలెట్టాను, వద్దు.

ఈసారి లాంథనం ఆక్సైడ్ చేర్చాను, నీళ్లూ పెంచాను. ఆ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని కార్బొనేట్‌గా మారుతుందట, పక్కన పడ్డ మసిని ఆ కార్బొనేట్ తినేస్తుందట. ఇప్పుడు 31వ గంట. ముల్లు పక్కనే స్టూలేసుకుని నీకు రాస్తున్నా. గది నిండా ఎసిటాల్డిహైడ్ ఘాటు, తణుకులో పంచదార మిల్లు పక్కన సైకిళ్లేసుకుని తిరిగిన రోజులు గుర్తొస్తున్నాయి.

అసలు నీకు చెప్పాల్సింది ఇంకోటుంది, సంక్రాంతికి మీ చెరువుగట్టు మీద ఆ అమ్మాయి... అయ్యో, శాంపిల్ కొట్టే టైమైంది. సెక్యూరిటీ అన్న ఇప్పుడే బయల్దేరుతున్నాడు, కవరు ఆయన చేతికే ఇచ్చేస్తున్నా. చొక్కా దాచుకో.

నీ
మసిగాడు