మంత్రిగారూ, మా కొబ్బరిచెట్టు పోయింది, మీ మీటరు రాలేదు

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రిగారికి నమస్కారమండి.

ఇంటి డాబా మీద సోలార్ ప్లేట్లు పెట్టించుకుంటే సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే ఊరూరా చెప్తున్నారు కదా. కోనసీమలో అమలాపురం దగ్గర ఊరండి మాది. 3 కిలోవాట్లు పెట్టించుకున్నాం. అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చిన వారంలో ప్లేట్లు బిగించారు, ఇప్పుడు ఏరువాక కూడా అయిపోయింది, మేం వాడుకోగా మిగిలి బయటి లైన్లోకి వెళ్ళే కరెంటుని విడిగా లెక్కకట్టే నెట్ మీటరు మాత్రం రాలేదు. అంతేనండి విషయం. ఇంతోటి దానికి మంత్రిగారికి ఉత్తరమా అనుకోకండి, మీ కింద ఉన్నోళ్ళందరికీ రాసి రాసి అయిపోయాకే మీ దాకా వచ్చాను.

అసలు ఇవి పెట్టాలా వద్దా అని మా ఇంట్లో ఆరు నెలలు యుద్ధం జరిగింది. నేను పెడదామని, మా ఆయన వద్దని. క్యాలెండరు కాగితం వెనకాల పెన్సిల్‌తో లెక్కేశాను. మొత్తం 1,95,000, అందులో సబ్సిడీ 78,000 వెనక్కొస్తుంది, బ్యాంకు లోను నెలకి రెండు వేల చిల్లర, మాకు ఎండాకాలం వచ్చే బిల్లే 2,600, ఇంకేం కావాలండీ అన్నాను. ఆయన ఊరుకుంటారా, తుఫానొస్తే ఎగిరిపోవా అన్నారు. పగలు కరెంటు పోతే ఇవి నడుస్తాయా అని ప్లేట్లు బిగించే కుర్రాణ్ణి అడిగారు. బ్యాటరీ లేదు కాబట్టి నడవవండి, లైను మీద పని చేసే లైన్‌మెన్‌కి షాక్ కొట్టకుండా వాటంతటవే ఆగిపోతాయి అన్నాడతను. మరి ఎందుకే ఇవి అని నా వైపు చూశారు. బిల్లు కోసమండీ అన్నాను. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పి ఒప్పించాను గానీ చెట్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం నోరు పెగల్లేదు.

డాబాకి దక్షిణం వైపు ఓ కొబ్బరిచెట్టు ఉండేదండి. 96 తుఫానుకి మా దొడ్లో చెట్లన్నీ పడిపోతే మా అత్తయ్యగారు మళ్ళీ తన చేత్తో పెట్టిన మొక్క అది. కొబ్బరిచెట్టుని ఇంటికి పెద్దకొడుకు అంటాం మేము, మీకు తెలియంది కాదు. పదకొండింటి నుంచి దాని నీడ సరిగ్గా ప్లేట్లు పెట్టే చోటే పడేది. ఒక్క ప్లేటు మీద నీడ పడినా వరసంతా డల్ అయిపోతుందమ్మా అన్నాడు కుర్రాడు. మా ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దింపు తీసే అతన్ని ఆయనే పిలుచుకొచ్చి, ఆఖరి దింపు తీయించి, మాను కొట్టే టైముకి పొలం వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే నిలబడి చూశాను. ఆ కమ్మల ఈనెలు చీరి నాలుగు చీపుర్లు కట్టాను, వాటితోనే ఇప్పుడు రోజూ డాబా ఊడుస్తున్నా.

ఇంత చేసి పెట్టించుకున్న ప్లేట్లు ఆఫ్‌లో ఉన్నాయండి. నెట్ మీటరు పెట్టకుండా ఆన్ చేస్తే బయటికెళ్ళిన యూనిట్లు కూడా పాత మీటరు మా వాడకం కిందే కట్టేసే ప్రమాదముందంట, అందుకని ముట్టుకోవద్దన్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాసింది, అంత ఎండా మా డాబా మీద ఉత్తినే పోయింది. రోజుకి తక్కువలో తక్కువ 12 యూనిట్లు వేసుకున్నా ఎన్ని వందల యూనిట్లు పోయాయో మీరే లెక్క కట్టుకోండి, నేను క్యాలెండరు మీద లెక్కలేయడం మానేశాను. లోను కిస్తీ కడుతున్నాం, కరెంటు బిల్లూ కడుతున్నాం. మీటరు పడి, కనెక్షన్ ఇచ్చినట్టు ఆఫీసోళ్ళు ఆన్‌లైన్లో ఎక్కిస్తే గానీ సబ్సిడీ రాదు కాబట్టి ఆ 78,000 కూడా లేదు. ఇప్పటిదాకా ఆ ప్లేట్ల వల్ల లాభపడింది ఎవరంటే మా పిల్లి ఒక్కతే, వాటి కింద నీడలో మూడు పిల్లల్ని పెట్టింది.

ఆఫీసుకెళ్తే మొదట్లో మీటర్లు స్టాకు లేవన్నారు. తర్వాత వచ్చాయి గానీ టెస్టింగుకి వెళ్ళాయన్నారు. ఆ తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు సెలవు. ఆ తర్వాత, మీ ఫైలు ఏదమ్మా అని నన్నే అడిగారు! సోమవారం గ్రీవెన్సులో రెండుసార్లు అర్జీ పెట్టాను, రెండుసార్లూ సమస్య పరిష్కరించబడినది అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. మెసేజ్ చూసి సంబరంగా గోడ దగ్గరకెళ్ళి చూశానండి, పాత మీటరే ఉంది. (పరిష్కరించబడింది మేమేనేమో.) ప్లేట్లు బిగించాక 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో కేంద్రం రూల్ మార్చింది, అంతకుముందు 30 రోజులు ఉండేదట. మాకు ఆ పాత 30 రోజులిచ్చినా కళ్ళకద్దుకునేవాళ్ళం.

మీటరు పెట్టించండి బాబూ. పెట్టించలేకపోతే ఫలానా తేదీకి పెడతామని ఒక తేదీ అయినా చెప్పించండి. అదీ కుదరకపోతే ఆ పరిష్కరించబడినది అనే మెసేజ్ అన్నా ఆపించండి, అది వచ్చినప్పుడల్లా మా ఆయన పైకి చదివి వినిపిస్తున్నారు. తిట్టరండి ఆయన, తిట్టినా బాగుండును. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ మొద్దు మీద కూర్చుంటారు, అంతే. వీధిలో ఇంకో ఇద్దరు పెట్టించుకుందామనుకుని నన్ను అడగడానికొచ్చారు. మీ పథకానికి మంచి మాట చెప్దామనే ఉంది నాకు, ఏం చెప్పమంటారు?

మొన్న ఏరువాక రోజు ఆయన కొత్త కొబ్బరిమొక్క తెచ్చి పెట్టారు. దక్షిణం వైపు కాదండి, ఉత్తరం వైపు, ప్లేట్ల మీద నీడ పడకుండా కొలిచి మరీ పెట్టారు. నీళ్ళు పోస్తూ, ఇది కాపుకొచ్చేది ముందో నీ మీటరొచ్చేది ముందో పందెం అన్నారు. నేను మీటరు మీద కాశాను.

ఇట్లు,
మీ విద్యుత్ వినియోగదారురాలు

సర్వీసు నంబరు రెండు అర్జీల్లోనూ ఉందండి, ఎవరైనా తెరిచి చూస్తే.