రీబ్రీదర్: ఆయాసం రాకుండానే స్పృహ తప్పుతుంది

సంపాదకులకు నమస్కారం.

నీటి అడుగున ఊపిరికి వాడే రీబ్రీదర్లపై మీరు వేసిన వ్యాసంలో బుడగలు లేని నిశ్శబ్దం గురించి, చేపలు బెదరకుండా దగ్గరికి రావడం గురించి చక్కగా రాశారు. ఆ మోజులో తప్పేమీ లేదు. మామూలు స్కూబాతో పీడనం పైకంటే ఐదు రెట్లుండే 40 మీటర్ల లోతున నిమిషానికి దాదాపు 100 లీటర్ల గాలి పీల్చి వదిలేస్తాం. ఒంటికి పట్టేది ఒక లీటరు ఆక్సిజన్. వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసి, ఖర్చయిన ఆక్సిజన్ కలిపి మళ్లీ పీల్చుకునే ఏర్పాటే రీబ్రీదర్. హెన్రీ ఫ్లూస్ 1878లోనే అలాంటి పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు.

వ్యాసంలో రానిది, కొత్తవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఊపిరాడడం లేదని మనకు తెలిసేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. రీబ్రీదర్ దాన్ని తీసేస్తుంది. అందుకే ఆక్సిజన్ సిలిండర్ వాల్వు తెరవడం మరిచి పీలుస్తున్నా ఆయాసం రాదు, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. లూప్‌లో (ఊపిరి తిరిగే గొట్టాలు, సంచుల్లో) 6 లీటర్ల గాలి ఉంటే అందులో ఆక్సిజన్ ఒకటింబావు లీటరే. ఈదుతున్నప్పుడు అది అడుగంటడానికి రెండు నిమిషాలైనా పట్టదు. ఆక్సిజన్ పాక్షిక పీడనం (పీల్చే వాయువు మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటా) 0.16 బార్ కంటే తగ్గితే స్పృహకు ముప్పు, 1.6 దాటితే నీళ్లలోనే మూర్ఛ వచ్చే ప్రమాదం. ఒంటికి ఈ రెండూ ముందుగా తెలియవు. తెలిపేది సెన్సర్లే.

ఆ సెన్సర్లు ఎప్పుడూ నిజమే చెబుతాయనుకోకూడదు. సాధారణంగా మూడు ఉంటాయి. వీటినే సెల్ అంటాం. గాలిలో 10 మిల్లీవోల్టులు చూపే సెల్, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 47 దరిదాపుల్లో చూపాలి. పాతబడిన సెల్ ఒడ్డున ఈ పరీక్షలో నెగ్గినా, నీళ్లలో ఒక స్థాయి దాటి పైకి చూపలేకపోవచ్చు. అందుకే 6 మీటర్ల దగ్గర లూప్‌ను ఆక్సిజన్‌తో కడిగి, రీడింగు 1.6 దగ్గరికి వస్తోందా లేదా చూస్తారు. మూడూ ఒకేసారి కొన్నవైతే ఒకేసారి ముసలివవుతాయి. అప్పుడు చెడిన రెండు ఒక్కమాట మీద ఉంటే, పరికరం వాటినే నమ్మి మంచిదాన్ని తోసిపుచ్చుతుంది. కాబట్టి వాటిని వేర్వేరు నెలల్లో మార్చుకోవాలి. తయారీ తేదీ చూడకుండా సెల్ కొనవద్దు.

కార్బన్ డయాక్సైడ్ తీసేసే డబ్బా, అంటే స్క్రబ్బర్ విషయంలో ఇంకా ఓపిక కావాలి. ఆ వాయువును పట్టేసుకునే సోడాలైమ్ గుళికలను కొద్దికొద్దిగా పోస్తూ, డబ్బా పక్కలను తడుతూ కుదురుగా నింపాలి. ఖాళీ మిగిలితే ఊపిరి ఆ సందులోంచే జారిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అలాగే వెనక్కి వస్తుంది. సందు మూసే రబ్బరు చుట్టు, అంటే ఓ-రింగ్ పెట్టడం మరిచినా అంతే. చల్లటి నీళ్లలో గుళికల పనితనం తగ్గుతుంది. లూప్‌లోకి నీళ్లు చేరి సోడాలైమ్‌ను తడిపితే, ఒళ్లు కాల్చే క్షారం నోట్లోకి రావచ్చు. లోపల గాలి నింపీ, లాగేసీ లీకులు చూసే పాజిటివ్, నెగటివ్ పీడన పరీక్షలు రెండూ చేయడం అందుకే. దిగేముందు ఐదు నిమిషాలు పీల్చి చూడడం ఆక్సిజన్ సరిగా కలుస్తోందో లేదో తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, స్క్రబ్బర్ లోపాన్ని అది పట్టిస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు. వాడిన గంటలు రాసిపెట్టుకోవడం తప్పనిసరి. ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉండగానే సోడాలైమ్ అయిపోవడం మామూలే.

రీబ్రీదర్ మొరాయిస్తే పీల్చుకోవడానికి వెంట ఉంచుకునే బెయిలవుట్ సిలిండర్ లెక్కలో చాలామంది పొరపడతారు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కినవాడు ప్రశాంతంగా పీల్చడు. నిమిషానికి 30 లీటర్లు వేసుకుంటే 40 మీటర్ల దగ్గర అది 150 లీటర్లవుతుంది. 2,200 లీటర్ల సిలిండర్ అక్కడ పావుగంట కూడా నిలవదు. పైకి వచ్చేటప్పుడు ఆగాల్సిన సమయం దీనికి అదనం. పైగా ఆ ఆయాసంలో మౌత్‌పీస్ నోట్లోంచి తీసి వేరేది పెట్టుకోవడం కొందరివల్ల కాదు. నోటి దగ్గరే మీట తిప్పి మామూలు గాలికి మారే బెయిలవుట్ వాల్వును, కొనేముందే, రంగు డిస్‌ప్లే కంటే ముందు అడగాలి.

ఇట్లు,
డైవింగ్ శిక్షకులం