నిద్ర ఈఈజీ కోసం హైదరాబాద్ దాకా ఎందుకు?

సంపాదకుడు గారికి,

ఫిట్స్ అంటే మనిషి కిందపడి కొట్టుకోవాలి, నోట్లో నురగ రావాలి, ఎవరో ఒకరు పరుగున వచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టాలి. మనకు తెలిసిన ఫిట్స్ ఇవే. డిగ్రీ చదివే మా అక్క బిడ్డకు ఇవేవీ లేవు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. ఒక నిమిషం ఎటో చూస్తూ నోరు చప్పరించేది, చున్నీ కొస నలిపేది. తర్వాత అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. దానికి ముందు కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు ఉంటుందని మాత్రం చెప్పేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. కట్టించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

చివరికి హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళితే 20 నిమిషాలు ఈఈజీ, అంటే తలమీద తీగలు అంటించి మెదడులోని కరెంటును అలలుగా నమోదు చేసే పరీక్ష తీసి, నార్మల్ అన్నారు. పరీక్షల టెన్షన్ అయి ఉంటుందన్నారు. ఆ ఒక్క మాటతో ఏడాది పోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, మెదడులో ఒకే చోట పుట్టే ఇలాంటి ఫిట్స్ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి మొదటి ఈఈజీలో ఏ తేడా కనిపించదు. తలమీద అంటించే తీగలకు అందేది వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచే కరెంటు, అదీ పైపొర నుంచి వచ్చేది. కణతల లోపల, లోతున పుట్టే అలజడి అంతదూరం రాకపోవచ్చు. పైగా ఫిట్ లేని వేళ, ఆ జబ్బు జాడ చెప్పే సూదిమొనల్లాంటి అలలు ఎప్పుడో ఒకసారి మెరిసి పోతాయి. ఒక్కొక్కటి సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. అవి ఎక్కువగా బయటపడేది కునుకు పట్టేటప్పుడు, నిద్రలో. అందుకే రాత్రంతా మేల్కొల్పి, పొద్దున పడుకోబెట్టి ఈఈజీ తీస్తారు.

మా అసలు కష్టం ఇక్కడే మొదలైంది. ఆ పరీక్షకు హైదరాబాద్ రమ్మన్నారు, పొద్దున 9 గంటలకు. నర్సంపేటలో రాత్రంతా పిల్లను కూర్చోబెట్టి, తెల్లవారుజామున బస్సెక్కించాం. జనగామ దాటకముందే నిద్రపోయింది. ఎంత లేపినా మళ్లీ వాలిపోయింది. తీరా బల్ల మీద పడుకోబెడితే కళ్లు మూతపడలేదు! పరీక్ష వృథా. రెండోసారి ముందురోజే వెళ్లి లాడ్జిలో మేల్కొని ఉన్నాం. బావ ఆటో రెండు రోజులు ఇంటి ముందే ఉండిపోయింది. అప్పుడు దొరికాయి, ఎడమ కణత వైపు ఆ అలలు. మాత్రలు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది, మళ్లీ రాలేదు.

నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి మనిషిని కావాలని రాత్రంతా మేల్కొల్పి, 150 కిలోమీటర్లకు పైగా బస్సులో తిప్పుతున్నాం. దారిలో ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్ వస్తే అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. మాకు రాలేదు, అంతే.

ఉత్తర తెలంగాణ సగం వైద్యానికి వరంగల్‌కే వస్తుంది. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021లోనే శంకుస్థాపన చేశారు. అంతస్తుల లెక్క సరే, నిద్ర ఈఈజీ వారంలో ఏయే రోజులు తీస్తారు, చూసి చెప్పే న్యూరాలజిస్ట్ ఏ రోజు ఉంటారు అన్నది కూడా ఆస్పత్రుల అధికారులు ప్రకటించాలి. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లు ముందురోజు సాయంత్రమే చేరి, అక్కడే మేల్కొని ఉండేందుకు నాలుగు మంచాల గది ఇవ్వాలి. నార్మల్ అని వచ్చిన రిపోర్టు కింద ‘దీన్నిబట్టి ఫిట్స్ లేవని చెప్పలేం’ అని తెలుగులో ఒక వాక్యం అచ్చువేయాలి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, నర్సంపేట